ఇగ్నిషన్‌లో పాతిక వేల వోల్టులు: డిగ్లీపూర్ మెకానిక్ షెడ్డులోనూ, పడవ రేవులోనూ తెలిసి ఉండవలసిన సంగతులు

ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో వానలు మొదలైన తరువాత మోటార్‌సైకిల్ స్టార్ట్ కాకపోవడం వింతేమీ కాదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ పలకరించే ఈ ద్వీపాలలో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. వాన లేని రోజున కూడా గాలిలో తేమ, తేమలో ఉప్పు ఉంటాయి. తడిసిన బండిని షెడ్డుకు నెట్టుకొని వస్తే జరిగే మొదటి పరీక్ష దాదాపు ఎప్పుడూ ఒకటే. ప్లగ్ క్యాప్ ఊడబెరికి, వైరు కొసను ఇంజనుకు ఆనీ ఆనకుండా పట్టుకొని, ఎదుటివారిని కిక్కు కొట్టమంటారు. నీలి రవ్వ చిటపటలాడితే కరెంటు వస్తున్నట్టు, లేకపోతే కాయిల్ పోయినట్టు లెక్క.

ఖర్చు లేనిదీ, క్షణంలో తేలేదీ కనుక ఈ పరీక్ష తరాలుగా నిలిచింది. చేసేవారికి ఎప్పుడో ఒకప్పుడు షాక్ తగలకుండా ఉండదు. చేయి విదిలించుకొని, నవ్వుకొని, మళ్లీ పనిలో పడతారు. 'ఇగ్నిషన్ కరెంటు కొడుతుంది గాని చంపదు' అన్న నమ్మకం అలా స్థిరపడింది. ఆ మాటలో నిజం చాలావరకు ఉంది. ప్రమాదం కూడా అందులోనే దాగి ఉంది. ఆ రవ్వ ఎవరిని, ఎక్కడ, ఏ పరిస్థితిలో తాకింది అన్నదానిని బట్టి ఫలితం మారిపోతుంది. పెద్ద ఆసుపత్రి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరిలో ఈ తేడా తెలియడం మరింత అవసరం.

12 వోల్టులు పాతిక వేలుగా మారే తీరు

బండిలోని బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. దానిని పొడి చేతితో తాకినా ఏమీ తెలియదు. సిలిండరులో ఒత్తిడికి లోనైన పెట్రోలు, గాలి మిశ్రమం మధ్య రవ్వ దూకాలంటే మాత్రం వేల వోల్టులు కావాలి. ఈ రెంటికీ నడుమ వారధి ఇగ్నిషన్ కాయిల్. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతి 1910 నమూనా కాడిలాక్ కార్లలో ప్రవేశించింది. తరువాతి వందేళ్లలో విడిభాగాలు ఎన్ని మారినా మూలసూత్రం మారలేదు.

కాయిల్‌లో ఒకే ఇనుప గుండె చుట్టూ రెండు తీగచుట్లు ఉంటాయి. మొదటిది లావు తీగతో కొన్ని వందల చుట్లు, రెండవది సన్నని తీగతో వేల చుట్లు. మొదటి చుట్టలో నాలుగైదు ఆంపియర్ల విద్యుత్తును ప్రవహింపజేసి, అది నిండిన క్షణాన ఒక్కసారిగా తెంపివేస్తారు. తెగిన ప్రవాహం నిలిపి ఉంచిన అయస్కాంత శక్తి కుప్పకూలుతుంది. అప్పుడు మొదటి చుట్టలోనే 200 నుంచి 400 వోల్టులు పుడతాయి. రెండవ చుట్టలో అది సుమారు వంద రెట్లవుతుంది. పాత పాయింట్ల పద్ధతిలో 15 వేల నుంచి 25 వేల వోల్టులు, కంప్యూటరు ఆధీనంలో పనిచేసే నేటి కాయిళ్లలో 30 వేలు, 40 వేలు కూడా వస్తాయి. పాత బుల్లెట్ మోటార్‌సైకిళ్లలో ఆ తెంపే పనిని పాయింట్లు చేసేవి. ఇప్పుడు ట్రాన్సిస్టర్ చేస్తుంది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. కాయిల్ ఎల్లప్పుడూ తన గరిష్ఠ వోల్టేజీకి చేరదు. ప్లగ్ మధ్య సందును దాటడానికి ఎంత కావాలో అంతవరకే పెరిగి, రవ్వ దూకగానే పడిపోతుంది. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు సందుకు సుమారు 3 వేల వోల్టులు చాలు. సిలిండరు లోపల గాలి నొక్కుకొని ఉన్నందున అదే సందుకు అనేక రెట్లు కావాలి. బయట పట్టుకొన్నప్పుడు చక్కగా కనిపించిన రవ్వ లోపల ఆరిపోవడానికి కారణం ఇదే. వైరును దేనికీ కలపకుండా గాలిలో వదిలేస్తే వోల్టేజీకి దిగే దారి ఉండదు. అది గరిష్ఠానికి ఎగబాకుతుంది. ఆపై కాయిల్ లోపలి పూతను చీల్చుకొని పోతుంది, లేదా దగ్గరలో ఉన్న చేతిని వెతుక్కుంటుంది. కొత్త బండ్లలో ఈ పరీక్ష ఒక్కసారికే కాయిల్‌ను గాని, దానిని నడిపే కంప్యూటరును గాని పాడుచేయవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బీఎస్-6 నిబంధనల తరువాత ద్విచక్ర వాహనాలలో చాలావరకు ఇంధన ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. పాత అలవాటు కొత్త బండికి ఖరీదైనదిగా పరిణమించిన కాలం అదే.

చంపకపోవడానికి కారణం, చంపగలిగే సందర్భం

వోల్టేజీ ఒక్కటే ప్రాణం తీయదు. శరీరం గుండా ఎంత ప్రవాహం, ఎంతసేపు, ఏ దారిన పోయిందన్నవి ముఖ్యం. ఇంటి 230 వోల్టుల కరెంటు తగిలితే చర్మం తడిగా ఉన్నప్పుడు 200 మిల్లీఆంపియర్ల వరకు ప్రవహించవచ్చు. అది ఆగదు, మనిషి విడిపించుకొనేదాకా సాగుతూనే ఉంటుంది. ఇళ్లలో బిగించే రక్షక స్విచ్చులు 30 మిల్లీఆంపియర్లు బయటికి కారగానే తెంచివేయడానికి కారణం ఇదే. ఇగ్నిషన్ కాయిల్ సంగతి వేరు. అందులో ఒక్కో రవ్వకు దొరికే శక్తి 30 నుంచి 100 మిల్లీజౌళ్లు మాత్రమే. రవ్వ నిలిచేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. పశువులను ఆపడానికి ప్రమాణాల ప్రకారం తయారైన విద్యుత్ కంచె యంత్రాలకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ శక్తి ఒక్కో దెబ్బకు 5 జౌళ్లు. దానితో పోలిస్తే కాయిల్ దెబ్బ యాభయ్యో వంతుకు మించదు. (పొలాల చుట్టూ మెయిన్స్ తీగను నేరుగా తగిలించే అక్రమ కంచెలు ఈ కోవలోకి రావు. తెలుగు జిల్లాలలో అవి ఏటా మనుషులను చంపుతున్నాయి.)

కనుక ఆరోగ్యవంతుడైన మనిషికి ఒక్క రవ్వ సాధారణంగా ప్రాణాంతకం కాదు. ఆ 'సాధారణంగా' అన్న మాటకు మినహాయింపులు ఉన్నాయి.

రవ్వ ఒక్కటే వచ్చి ఆగదు. నిమిషానికి 1,400 చుట్లతో నెమ్మదిగా తిరుగుతున్న మోటార్‌సైకిల్ ఇంజను, ప్రతి చుట్టుకు ఒకసారి రవ్వ ఇచ్చే రకమైతే, సెకనుకు 23 దెబ్బలు వేస్తుంది. అన్ని దెబ్బలు వరుసగా తగిలితే వేళ్లు బిగుసుకుపోవచ్చు. అప్పుడు 'వదిలెయ్' అన్న ఆలోచన చేతికి చేరేలోపు మరెన్నో పడతాయి. గుండెకు పేస్‌మేకర్ లేదా అలాంటి యంత్రం ఉన్నవారికి లెక్క పూర్తిగా వేరు. ఆ యంత్రాలు ఇగ్నిషన్ రొదను గుండె స్పందనగా పొరపడవచ్చు. నడుస్తున్న ఇంజను ఇగ్నిషన్ భాగాలకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలన్నది కొన్ని తయారీ సంస్థల సూచన. రోగి కార్డులో రాసిన దూరం అంతకన్నా ఎక్కువైతే దానినే పాటించాలి. బండి ఎక్కి కూర్చోవడంలో ఇబ్బంది లేదు. బానెట్ ఎత్తి తల వంచడంలోనే ఉంది.

అన్నిటికన్నా తరచుగా మనిషిని గాయపరిచేది రవ్వ కాదు, రవ్వకు శరీరం చూపే ప్రతిచర్య. ఉలిక్కిపడి వెనక్కు లాగిన చేయి తిరుగుతున్న ఫ్యాన్ రెక్కలోనో, బెల్టులోనో, కాగుతున్న సైలెన్సరు మీదో పడుతుంది. లేచిన తల బానెట్‌కు తగులుతుంది. పడవ అంచున నిలబడిన మనిషి నీటిలో పడిపోతాడు. షాక్‌లో ప్రాణహాని లేదనుకొనే మెకానిక్ కూడా తన చేతి కదలికను మాత్రం తాను ఆపుకోలేడు.

పెట్రోలు వాసన ఉన్నచోట

నిప్పురవ్వలో ఉన్న శక్తి మనిషిని చంపడానికి చాలదు గాని, పెట్రోలు ఆవిరిని అంటించడానికి ఎక్కువే. ఆవిరి, గాలి తగిన పాళ్లలో కలిసినప్పుడు ఒక మిల్లీజౌల్ శక్తి కూడా అక్కరలేదు. ఇగ్నిషన్ రవ్వ దానికి పదుల రెట్లు బలమైనది. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. వినడానికి ఇది చిన్న పరిధి. కానీ కార్బొరేటరు కారుతున్న బండి పక్కన ఈ పరిధి దాటని చోటు వెతకడమే కష్టం. ఈ ద్రవం సున్నా డిగ్రీల కన్నా ఎంతో దిగువనే అంటుకొనేంత ఆవిరి ఇస్తుంది. 30 డిగ్రీల డిగ్లీపూర్ మధ్యాహ్నంలో మూత తెరిచిన డబ్బా సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక పైకి పోదు. నేలబారున పాకి గుంటలో నిలుస్తుంది.

పాత పరీక్షలో పెద్ద తప్పు ఇక్కడే ఉంది. ప్లగ్ విప్పి, విప్పిన రంధ్రం పక్కనే ప్లగ్‌ను ఆనించి కిక్కు కొడతారు. కిక్కు కొట్టిన ప్రతిసారీ ఆ రంధ్రంలోంచి పెట్రోలు తుంపర ఉమ్మివేసినట్టు వస్తుంది. రవ్వ సరిగ్గా దాని ఎదుటే ఉంటుంది. చేతికి, ముఖానికి మంట తగలడానికి కావలసినవన్నీ అక్కడ సమకూరాయి. ఇంధనపు ట్యాప్ మూసి, ఇంజెక్షన్ బండి అయితే ఇంజెక్టరు కనెక్టరు విప్పి, ప్లగ్‌ను రంధ్రానికి వీలైనంత దూరంగా, ఇంజను అవతలి పక్కన ఆనించి చూడవలసి ఉంటుంది.

మాగ్నెటో: తాళం తీసినా చావని కరెంటు

కారు పని మొదలుపెట్టే ముందు ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగెటివ్ తీగను ముందుగా విప్పడం మొదటి నియమం. తిరిగి బిగించేటప్పుడు అదే చివరిది. నెగెటివ్ ముందు విప్పడానికి కారణం తేలికైనది. పాజిటివ్‌ను ముందు విప్పబోతే పానా జారి బాడీకి తగిలినప్పుడు బ్యాటరీ మొత్తం ఆ పానా గుండా దిగుతుంది. నెగెటివ్ ముందే విడిపోతే ఆ దారి ఉండదు. తాళం చెవి లేకుండా బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో ఆ చిన్న రిమోట్‌ను కూడా బండికి దూరంగా పెట్టాలి.

ఈ నియమం పనిచేయని ఇంజన్లు డిగ్లీపూర్‌లో తక్కువేమీ కావు. డుంగీలకు బిగించే ఔట్‌బోర్డ్ మోటార్లు, దుకాణాల ముందు నిలిపిన చిన్న పెట్రోలు జనరేటర్లు, మందు కొట్టే యంత్రాలు, రంపపు యంత్రాలు, పాత స్కూటర్లు చాలావరకు మాగ్నెటోపై నడుస్తాయి. వీటిలో ఇగ్నిషన్‌కు బ్యాటరీ అవసరమే ఉండదు. ఫ్లైవీల్‌లో అమర్చిన అయస్కాంతాలు తీగచుట్ట పక్కగా తిరిగినప్పుడు విద్యుత్తు అక్కడికక్కడే పుడుతుంది. తాడు లాగినా, కిక్కు కొట్టినా చాలు. ఫ్లైవీల్‌ను చేతితో గట్టిగా తిప్పినప్పుడు కూడా రవ్వ రావచ్చు.

సీడీఐ అనే మూడక్షరాలు తగిలించిన పెట్టె ఉన్నచోట ఇంకొక మలుపు. అందులో కెపాసిటరును ముందుగా 200 నుంచి 400 వోల్టుల దాకా నింపి, ఒక్క క్షణంలో కాయిల్‌లోకి కుమ్మరిస్తారు. ఒక మైక్రోఫారడ్ కెపాసిటరు 300 వోల్టుల వద్ద 45 మిల్లీజౌళ్లు దాచుకోగలదు. ఆ 300 వోల్టులు ప్లగ్ వైరులో కాదు, మామూలు రంగు తీగలలో ఉంటాయి. సన్నని తీగ కనుక ఏమీ ఉండదనుకోవడం పొరపాటు. ఇంజను ఆగిన తరువాత కొన్ని నిమిషాలు వేచి చూసి గాని ఆ కనెక్టర్లను తాకకూడదు.

ఆపే స్విచ్చు కూడా ఇక్కడ తలకిందులుగా పనిచేస్తుంది. బ్యాటరీ ఇగ్నిషన్‌లో స్విచ్చు ఆపితే సరఫరా తెగుతుంది. మాగ్నెటో ఇంజన్లలో సాధారణంగా స్విచ్చు నొక్కితే ఆ విద్యుత్తు ఇంజను బాడీలోకి, అంటే ఎర్త్‌లోకి మళ్లుతుంది. ఆ స్విచ్చుకు పోయే ఒక్క తీగ ఉప్పుకు తిని తెగిపోయిందంటే స్విచ్చు ఏ స్థితిలో ఉన్నా ఇంజను సజీవంగానే ఉంటుంది. తాళం తీసి జేబులో వేసుకొన్నామన్న ధైర్యంతో ప్రొపెల్లరుకు చుట్టుకొన్న వలను చేతితో తిప్పి విప్పబోతే ఇంజను అందుకోవచ్చు. కనుక ప్రొపెల్లరును గాని, ఫ్లైవీల్‌ను గాని తాకే ముందు ప్లగ్ క్యాప్ తీసి, దాని లోహపు కొసను ఇంజను బాడీకి గట్టిగా ఆనించి కట్టాలి. గాలిలో వదలకూడదు. ఆగని మాగ్నెటో ఇంజనును ఆపడానికి ప్లగ్ క్యాప్‌ను చేతితో లాగడం రేవులలో కనిపించే అలవాటు. చోక్ మూసివేయడం గాని, ఇంధనపు గొట్టం తీసివేయడం గాని సరైన దారి. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పడవలో పెట్రోలు ఆవిరి పోయే దారి లేదు. రోడ్డు మీద గాలికి చెదిరేది, పడవ అడుగున నీళ్లు చేరే గుంటలో నిలిచిపోతుంది. ఏరియల్ బే రేవులో కట్టిన పడవైనా, రాస్, స్మిత్ దీవుల వైపు పోయే పడవైనా ఇందుకు తేడా లేదు. ఇంజను ముట్టుకొనే ముందు వాసన చూడడం, మూతలు తీసి గాలి ఆడనివ్వడం, అడుగున చేరినదానిని తోడివేయడం కొన్ని నిమిషాల పని. కిరోసిన్‌తో నడిచే మోటార్లు కూడా ముందుగా పెట్రోలుతోనే స్టార్ట్ అవుతాయని గుర్తుంచుకోవాలి. మోటారు మార్చేటప్పుడు పడవల కోసం ప్రత్యేకంగా తయారైన విద్యుత్ భాగాలనే వాడాలి. కారు విడిభాగం చవకగా దొరుకుతుంది, కొలతా సరిపోతుంది. కానీ లోపలి రవ్వ బయటి ఆవిరికి చేరకుండా మూసి ఉంచే ఏర్పాటు అందులో ఉండదు.

పెట్రోలు జనరేటరు గురించి ఒక హెచ్చరిక. ఒకే యంత్రంలో ఒక చివర మాగ్నెటో, రెండవ చివర 230 వోల్టుల ఆల్టర్నేటరు ఉంటాయి. మొదటిది ఉలిక్కిపడేలా చేస్తుంది, రెండవది చంపుతుంది. 'ఇంజను షాక్ ఏమీ చేయదు' అన్న అనుభవంతో రెండవ చివరను తాకే ప్రమాదం ఈ యంత్రం దగ్గర ఉన్నంతగా మరెక్కడా లేదు. జనరేటరు ప్లగ్ పరీక్షించేటప్పుడు ఇంటికి, దుకాణానికి పోయే తీగలన్నీ విప్పి ఉండాలి.

ఉప్పు, తేమ, సన్నని నల్లగీత

ప్లగ్ వైరు మీది రబ్బరు తొడుగు కొత్తదైతే పాతిక వేల వోల్టులను లోపలే ఉంచగలదు. వేడికి పెళుసెక్కి, ఎలుక కొరికి, క్లిప్పు కింద నలిగి పగిలిన తొడుగు ఉంచలేదు. తీరప్రాంతంలో దీనికి ఉప్పు తోడవుతుంది. ఉప్పు పొర పొడిగా ఉన్నప్పుడు హాని చేయదు. తేమ తగలగానే విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. పగలంతా బాగా నడిచిన బండి తెల్లవారుజామున మొరాయించడానికి ఇది ఒక కారణం. వైరును తడిమి చూస్తే షాక్ కొట్టడానికీ ఇదే కారణం.

డిస్ట్రిబ్యూటరు మూత గాని, ప్లగ్ క్యాప్ గాని తడిసినప్పుడు రవ్వ దాని ఉపరితలం మీదుగా పాకుతుంది. పాకిన దారిలో మసి గీత మిగులుతుంది. మసి కార్బన్ కనుక అదే తరువాతి రవ్వకు రాచబాట. తుడిస్తే పోయేది కాదు, ఆ భాగాన్ని మార్చాలి. ఏ వైరు ఏ సిలిండరుదో గుర్తుపెట్టుకోవడానికి మూత మీద పెన్సిల్‌తో అంకెలు వేసే అలవాటు ఉన్నవారు మానుకోవాలి. పెన్సిల్ గీత గ్రాఫైట్, అదీ కార్బనే.

కారుతున్న చోటును కనిపెట్టడానికి చేయి పెట్టనవసరం లేదు. చీకటి పడ్డాక, పెట్రోలు వాసన ఏమాత్రం లేదని రూఢి చేసుకొని, ఇంజను నడుపుతూ దూరంగా నిలబడి చూస్తే పగిలిన తొడుగు మీద నీలి మిణుకులు కనబడతాయి. దొరికిన వైరుకు టేపు చుట్టడం దారిలో ఇంటికి చేరే ఉపాయమే గాని మరమ్మతు కాదు. నీటిని తరిమే స్ప్రేలు తడిసిన ఇగ్నిషన్‌కు మేలు చేస్తాయి. వాటిలో మండే ద్రవం ఉంటుంది కనుక ఇంజను నడుస్తుండగా కొట్టకూడదు. ప్లగ్ క్యాప్ లోపల కొద్దిగా సిలికోన్ గ్రీజు రాస్తే ఉప్పునీరు లోపలికి పోదు. పడవ మోటారును మంచినీటితో కడిగి ఆరబెట్టడం కూడా ఆ కోవదే.

వైరు మార్చేటప్పుడు దొరికిన రాగి తీగతో సరిపెట్టే అలవాటు మరొక చిక్కు తెస్తుంది. అసలు వైరులో గాని, క్యాప్‌లో గాని కొన్ని వేల ఓముల నిరోధం ఉద్దేశపూర్వకంగా పెట్టి ఉంటుంది. రవ్వ వల్ల పుట్టే రేడియో రొదను అది అణచివేస్తుంది. అది లేకపోతే పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియోలో మాట స్థానంలో గరగర వినిపిస్తుంది. సముద్రం మీద ఆ రేడియోయే సాయం అడిగే గొంతు.

చేయి పెట్టకుండా పరీక్షించడం

స్పార్క్ టెస్టరు అనే చిన్న సాధనం ఈ పనికే తయారైంది. ఒక కొస ప్లగ్ వైరుకు, క్లిప్పు ఇంజను బాడీకి తగిలిస్తే మధ్యనున్న గాజు కిటికీలోనో, సర్దుకోగల సందులోనో రవ్వ కనబడుతుంది. సందును పెంచుతూ పోతే కాయిల్ బలం కూడా తెలుస్తుంది. సిలిండరు లోపల ఎక్కువ వోల్టేజీ కావాలని పైన చెప్పుకొన్న సందేహానికి ఇదే జవాబు. అది లేనప్పుడు మంచి స్థితిలో ఉన్న మరొక ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, దాని లోహపు ఒంటిని క్లిప్పులున్న తీగతో ఇంజనుకు కలిపి, చేయి తీసేసి కిక్కు కొట్టాలి. ప్లగ్‌ను చేతితో పట్టుకోవడమే మానవలసినది.

నడుస్తున్న కారులో ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఒక్కొక్క ప్లగ్ వైరు లాగి చూసే పద్ధతి డిస్ట్రిబ్యూటరు కాలానిది. ప్రతి ప్లగ్ మీద విడివిడిగా కాయిల్ కూర్చున్న కార్లలో కాయిల్‌ను కాకుండా ఇంజెక్టరు కనెక్టరును విప్పాలి, లేదా స్కానరు వాడాలి. వైరు మీద క్లిప్పులా పట్టే టైమింగ్ లైటు దేనినీ విప్పకుండానే రవ్వ వస్తున్నదీ లేనిదీ చెబుతుంది.

ఉంగరం, గడియారం, మెడలోని గొలుసు తీసి పెట్టాలి. తడి మట్టి మీద చెప్పులు లేకుండా నిలబడి పని చేయకూడదు. రబ్బరు చాప, అది లేకపోతే పొడి చెక్క అయినా కాళ్ల కింద ఉండాలి. నడుస్తున్న ఇంజను దగ్గర వీలైనంతవరకు ఒక చేతితోనే పని చేయడం పాత విద్యుత్ కార్మికుల క్రమశిక్షణ. రెండు చేతులూ తగిలితే ప్రవాహం ఛాతీ గుండా పోతుంది. మామూలు పానాల పిడి మీది ప్లాస్టిక్ తొడుగు పట్టుకోవడానికి వీలుగా వేసినది. పాతిక వేల వోల్టులను ఆపుతుందని దాని మీద ఎవరూ హామీ ఇవ్వలేదు.

డీజిల్ బండ్లు నడిపేవారికి ఇందులో చాలా భాగం వర్తించదు. వాటికి స్పార్క్ ప్లగ్ లేదు, నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకొంటుంది. అయితే కామన్ రైల్ ఇంజన్లలో ఇంధనపు ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నడుస్తుండగా ఆ గొట్టం వదులుచేస్తే సూదిలా చర్మంలోకి దూరుతుంది.

నారింజ రంగు తీగలు

హైబ్రిడ్, విద్యుత్ కార్లలో నారింజ రంగు తొడుగుతో వచ్చే లావు తీగల గురించి సందేహానికి తావే లేదు. వాటిలో వందల వోల్టుల డీసీ విద్యుత్తు, దాని వెనుక కిలోవాట్‌అవర్ల నిల్వ ఉన్నాయి. ఇగ్నిషన్ రవ్వ మిల్లీజౌళ్లలో ఉంటే ఇది మిలియన్ల జౌళ్లలో ఉంటుంది. సర్వీస్ ప్లగ్ తీసి, తయారీదారు చెప్పినంతసేపు ఆగి, మీటరుతో సున్నా చూసిన తరువాత, 1,000 వోల్టులకు పరీక్షించిన చేతితొడుగులతో శిక్షణ పొందినవారే తాకాలి. పాత జీనన్ హెడ్‌లైట్లు కూడా అనుమానించవలసినవే. వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైగా పుట్టిస్తాయి.

షాక్ తగిలిన తరువాత

ముందు ఇంజను ఆగాలి. బాధితుడిని తాకడం తరువాత. జనరేటరు లేదా మెయిన్స్ కరెంటు అయితే స్విచ్చు తెంచనిదే దగ్గరకు పోకూడదు. మనిషి పలకకపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నొక్కడం ప్రారంభించాలి. పెద్దవారికి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. శిక్షణ ఉన్నవారు 30 నొక్కులకు రెండు ఊపిరులు ఇస్తారు. లేనివారు ఆపకుండా నొక్కితే చాలు. పక్కనున్నవారు 112కు ఫోన్ చేయాలి. కాలిన చోట ఇంజనాయిల్, టూత్‌పేస్ట్, పసుపు పూయకుండా 20 నిమిషాల పాటు పారే నీటి కింద పెట్టాలి.

ఒక్క రవ్వ తగిలి వెంటనే తేరుకొన్నవారికి సాధారణంగా వైద్యం అక్కరలేదు. గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చేయి మొద్దుబారి తగ్గకపోవడం వంటివి ఉంటే, లేదా తగిలింది 230 వోల్టులు, సీడీఐ లోపలి తీగ, నారింజ తీగ అయితే, గర్భిణి అయితే, పేస్‌మేకర్ ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించుకోవాలి. డిగ్లీపూర్ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదటి మజిలీ. అంతకు మించిన వైద్యానికి శ్రీ విజయ పురంలోని జీబీ పంత్ ఆసుపత్రికి పోవాలి. 2024 సెప్టెంబరు దాకా ఆ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్.

4వ నంబరు జాతీయ రహదారి మీద ఆ ప్రయాణం ఒక పగలంతా తీసుకొంటుంది. మిడిల్ స్ట్రెయిట్ వద్ద వాహనాలను పంటు మీద దాటించాలి. అక్కడి నుంచి జిర్కాటాంగ్ వరకు జారవాల రిజర్వు ప్రాంతం గుండా నిర్ణీత వేళల్లో, పగటిపూట, కాన్వాయ్‌గా మాత్రమే వాహనాలను పంపుతారు. సాయంత్రం డిగ్లీపూర్ షెడ్డులో ప్రమాదం జరిగితే వైద్యుని సలహా ఫోన్‌లో అడగడం, తరలింపు అవసరమా అన్నది ఆరోగ్య కేంద్రంలోనే తేల్చుకోవడం వెంటనే జరగాలి. తగిలింది ఏ కరెంటు, ఎంతసేపు, ఏ చేతి నుంచి ఎటు పోయింది, మనిషి స్పృహ తప్పాడా అన్న వివరాలు చూసినవారే కాగితం మీద రాసి వెంట పంపితే అవతలి వైద్యులకు సగం పని తీరుతుంది.